హాస్టల్ పిల్ల విషయం "సంఘంలోనే సర్దుకుందాం" అంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తే పాపమా?

సండేస్కూల్ అక్క:

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మాది నల్గొండ జిల్లా. ఊరి పేరు, చర్చి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఆ పిల్ల ఎవరో మా మండలంలో అందరికీ తెలిసిపోతుంది. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను, ఆదివారం పొద్దున చర్చిలో సండేస్కూల్ చెప్తాను. మా అత్తగారిల్లు తాతల కాలం నుంచీ ఇదే సంఘం. మామగారు బతికున్నన్నాళ్లూ సంఘ పెద్ద. మా బావగారు ఇప్పుడు ట్రెజరర్. నేనెవరో బయటి మనిషిని కాదని తెలియడానికి ఇదంతా చెప్తున్నాను.

మా చర్చి కాంపౌండ్‌లో ఆడపిల్లల హాస్టల్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి పేదింటి పిల్లలు ఉండి చదువుకుంటారు. అందులో పదో తరగతి పిల్ల ఒకతి, చిన్నప్పటి నుంచి నా దగ్గర వాక్యాలు కంఠస్థం చేసిన పిల్ల. తండ్రి లేడు. తల్లి నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి పోతుంది.

పాస్టర్ గారు సాయంత్రం ప్రార్థన అయ్యాక పెద్దపిల్లలను వంతులవారీగా క్వార్టర్‌కి పిలిపించుకునేవారు. మొదట్లో గిన్నెలు తోమడానికి, బట్టలు మడతపెట్టడానికి అన్నారు. తర్వాత కాళ్ల నొప్పులు, కాళ్లు పట్టమన్నారు. "దైవసేవకునికి సేవ చేస్తే దీవెన" అని వార్డెనే పంపించేది. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను. దసరా సెలవులకు పిల్ల ఇంటికి పోతే తల్లి ఫోన్‌కి రాత్రిపూట వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టాడు. తల్లికి చదువు రాదు. ఫోన్ మోగినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడుతుంటే ఆమెకు అనుమానం వచ్చి ఫోన్ నా దగ్గరికి తెచ్చింది. నేను చదివాను. అందులో ఒకటి, "ఈ సంగతి మీ అమ్మకు చెప్తే దేవుడు మీ అమ్మను తీసుకుపోతాడు" అని. తండ్రి లేని పిల్లకు రాసిన మాట అది. అది చదివిన దగ్గర్నుంచి నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

తల్లి మొదట పోయింది సంఘ పెద్దల దగ్గరికే. శనివారం సాయంత్రం చర్చి పక్క గదిలో కమిటీ కూర్చుంది. "టీచరమ్మా, నువ్వుంటె నాకు ధైర్యం" అంటే నేనూ వెళ్లాను. పెద్దలంతా కుర్చీల్లో. పాస్టర్ గారు కూడా వాళ్ల పక్కనే కుర్చీలో. తల్లీ పిల్లా గోడ వారన చాప మీద. ఆయన ఎదురుగానే పిల్లను "ఏం జరిగిందో చెప్పు" అన్నారు. అది తల ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? "చూసిన్రా, ఏం చెప్తలేదు" అన్నారు ఒకాయన. నేను మెసేజ్‌లు చూపించబోతే "ఈ రోజుల్ల ఫోన్‌ల ఎవరైన ఏదైన తయారు చేస్తరమ్మా" అని ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. చివరికి ప్రార్థన చేశారు. మినిట్స్ పుస్తకంలో "అపార్థము వలన కలిగిన మనస్పర్థ ప్రార్థనాపూర్వకముగా పరిష్కరించబడినది" అని రాసి తల్లితో వేలిముద్ర వేయించారు. పిల్లను లేపి, పాస్టర్ గారికి చెయ్యిచ్చి "క్షమించాను అయ్యగారూ" అనమన్నారు. అది చున్నీ కొనను అరచేతికి చుట్టుకుని, అప్పుడు చెయ్యి చాపింది. నేను పక్కనే ఉండి చూశాను. అది చూసి కూడా ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికైనా గుండె కలుక్కుమనలేదా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఆ పక్క ఆదివారం ఆయన సంఖ్యాకాండం 12 తీసి ప్రసంగం చేశారు. మోషేకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు మిర్యాముకు కుష్ఠు వచ్చిందని, దైవసేవకుల మీద సణిగే ఇల్లు బాగుపడదని. చర్చి చర్చంతా వెనక్కి తిరిగి ఆ తల్లిని చూసింది. పిల్లను క్వయర్ నుంచి తీసేశారు. "మనసు సరిచేసుకునేదాకా" ప్రభువు బల్లకు (ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) రావద్దన్నారు. ఎవరు మనసు సరిచేసుకోవాలి?

ఇదే సంఘంలో ఒక అబ్బాయి వేరే కులం అమ్మాయిని రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నాడని ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబెట్టి పశ్చాత్తాపం చెప్పించారు, ఆరు నెలలు ప్రభువు బల్ల ఇవ్వలేదు. పక్కింటామెతో గొడవపడి నోరు జారిందని ఒక వితంతువును స్త్రీల సమాజం నుంచి తీసేశారు. అప్పుడు అది సంఘ క్రమశిక్షణ. ఇప్పుడు మాత్రం "తీర్పు తీర్చకుడి" అంటున్నారు. మనిషిని బట్టి బైబిల్లో పేజీ మారుతోంది.

ఇక భయాల సంగతి. మా అత్తమ్మ మంచి మనిషి, పిల్ల గురించి విని ఏడ్చింది. కానీ నన్ను వంటింట్లోకి పిలిచి "బిడ్డా, మనం గీ ముచ్చట పట్టుకొని పోతే, రేపు నేను సచ్చినంక మీ మామ పక్కన జాగ ఇయ్యరు. మనకు ఇంకో జాగ ఏడున్నది?" అన్నది. అది ఉత్త భయం కాదు. సమాధుల తోట చర్చి కింద ఉంది. పెళ్లికీ అంతే, మూడు ఆదివారాలు చర్చిలో చాటించి లెటర్ ఇస్తేనే అవతలి సంఘం ఒప్పుకుంటుంది. పుట్టుక నుంచి చావు దాకా ఒక్క మనిషి సంతకం మీద నడుస్తుంటే ఎదురు మాట్లాడేది ఎవరు?

మా బావగారు ఇంకో మాట అన్నారు. "ఇప్పటికే బయటోళ్లు మన మీద కన్నేసి ఉన్నరు. మత మార్పిడి, విదేశీ పైసలు అని రోజూ ఏదో ఒకటి అంటనే ఉన్నరు. కేసయితే టీవీలల్ల వస్తది. మనమే వాళ్ల చేతికి కట్టె ఇద్దమా?" ఈ మాటకు నా దగ్గర సగం జవాబే ఉంది, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

అన్నిటికన్నా నీచమైనది ఇది. పాస్టర్ తరఫు మనిషి ఒకడు తల్లి దగ్గరికి పోయి "నీ బిడ్డకు ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నది. బాప్తిస్మం తీసుకున్నంక ఎస్సీ ఎట్లయితది? ఆఫీసుల ఒక్క మాట చెప్తే ఏమైతదో ఎరుకేనా?" అని బెదిరించాడు. 1950 నాటి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకపోవడం అన్యాయమని ఇదే పాస్టర్ గారు మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడతారు. ఆ అన్యాయాన్నే ఇప్పుడు ఒక కూలి తల్లి నోరు మూయించడానికి వాడుతున్నారు.

మా మామగారి నాయిన దొర గడి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి, వెట్టి చేసిన మనిషి. మిషన్ బడిలో ఆయనను బల్ల మీద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పారు. అందుకే మా ఇంట్లో ఈ సంఘం అంటే ప్రాణం. ఇప్పుడు అదే కాంపౌండ్‌లో పేదింటి ఆడపిల్లలు ఒకాయన కాళ్లు పడుతున్నారు. తల్లి చాప మీద, పెద్దమనుషులు కుర్చీల్లో. గడిలో జరిగింది ఇదే కదా.

పిల్ల ఇంటి దగ్గరే ఉంది, బడికి పోవడం లేదు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. పాస్టర్ గారిని "వచ్చే సంవత్సరం వేరే ఫీల్డ్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తాం" అంటున్నారు. ఆ కొత్త చోట కూడా హాస్టల్ ఉంది. నేను అడిగేది ఇదే. తల్లి వేలిముద్ర వేసింది కదా, ఇక కేసు నడవదా? తల్లి భయపడి వెనక్కి తగ్గితే నేను వెళ్లవచ్చా? పోలీస్ స్టేషన్‌కి పోవడం సంఘానికి ద్రోహమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సత్యవాక్యం:

సహోదరీ, మీ బాధ అర్థమైంది. కానీ విశ్వాసులు అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడకూడదని 1 కొరింథీ 6లో పౌలు స్పష్టంగా చెప్పాడు. అభిషిక్తుల మీద చెయ్యి వేయవద్దని 105వ కీర్తనలో ఉంది. దావీదు ఇంతకంటే పెద్ద పాపం చేశాడు, దేవుడు క్షమించలేదా? సాతాను ఇలాంటి వాటిని వాడుకునే సంఘాలను కూలుస్తాడు. మన జిల్లాల్లో సువార్త పని ఇప్పటికే కష్టంగా ఉంది. ఉపవాస ప్రార్థన పెట్టండి. పెద్దల మీద నమ్మకం ఉంచండి. దయచేసి ఈ పోస్ట్ తీసేయండి, అన్యజనులు చదువుతారు.

వకీలమ్మ నల్గొండ:

టీచర్ గారూ, పోస్ట్ తీసేయొద్దు. ఊరి పేరు, పిల్ల పేరు రాయకపోవడం మంచి పని, ఇక ముందు కూడా ఎవరడిగినా చెప్పొద్దు. బాధితురాలి వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం.

మీరు అడిగిన దాంట్లో మొదటిది. వేలిముద్రకు విలువ లేదు. పదహారేళ్లు కూడా నిండని పిల్ల మీద జరిగిన నేరాన్ని సంఘ పెద్దలు రాజీ చేయలేరు, తల్లి కూడా చేయలేదు. రాజస్థాన్‌లో ఒక టీచర్ విద్యార్థిని విషయంలో ఇంటివాళ్లతో రాజీ కుదుర్చుకుంటే హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, ఇలాంటివి ఇద్దరి మధ్య గొడవలు కావు, సమాజం మీద జరిగే నేరాలు, కేసు నడవాల్సిందేనని చెప్పింది.

రెండోది. మీరు వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లి తీరాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. తల్లి అనుమతి అక్కర్లేదు. తెలిసి చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, అది కూడా అదే చట్టంలో ఉంది. మీ బావగారికి ఈ మాట చెప్పండి. ఆయన సంఘాన్ని కాపాడుతున్నానని అనుకుంటున్నారు, నిజానికి తననే ఇరికించుకుంటున్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్కూలు, హాస్టల్, మత సంస్థ లాంటి వాటిలో ఉండేవాడు అక్కడి పిల్ల మీద చెయ్యి వేస్తే అది మామూలు కేసు కాదు, తీవ్రమైన నేరం కింద లెక్క. శిక్ష ఐదేళ్లకు తగ్గదు. జరిగింది ఇంకా పెద్దదైతే శిక్ష కూడా పెరుగుతుంది. అది మీరు ఇక్కడ రాయొద్దు, నాకూ చెప్పొద్దు.

స్టేషన్ అంటే తల్లికి భయం ఉంటుంది. ఆమెకు ఇట్లా చెప్పండి. పిల్ల స్టేషన్‌కి పోవాల్సిన పని లేదు. మహిళా ఎస్‌ఐ, యూనిఫాం లేకుండా, పిల్ల చెప్పిన చోటికే వచ్చి, తల్లిని గానీ నమ్మకమైన మనిషిని గానీ పక్కన పెట్టుకుని వాంగ్మూలం తీసుకోవాలి. వైద్య పరీక్ష అవసరమైతే మహిళా డాక్టరే చేయాలి. నల్గొండలో భరోసా సెంటర్ ఉంది, పోలీసు, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడే దొరుకుతాయి. లోకల్ స్టేషన్ మీద నమ్మకం లేకపోతే నేరం జరిగిన చోటు వాళ్ల పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు. తీసుకోకపోతే నేరుగా ఎస్‌పీ ఆఫీసుకు వెళ్లండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సరే.

తల్లి ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, ఆ మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయొద్దు. ఆ స్క్రీన్‌షాట్లు ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. పిల్లను మళ్లీ మళ్లీ ఏం జరిగిందని అడగొద్దు, మీరు కూడా.

ఆ మినిట్స్ పుస్తకం గురించి. "పరిష్కరించబడినది" అని రాసి సంతకాలు పెట్టారు కదా, అంటే ఫలానా తేదీకే కమిటీకి విషయం తెలుసని వాళ్లే కాగితం మీద పెట్టారు. ఆ పేజీ ఫోటో దొరికితే మంచిది. దొరక్కపోయినా పోలీసులకు చెప్పండి, వాళ్లే స్వాధీనం చేసుకుంటారు.

సర్టిఫికెట్ బెదిరింపు. పోక్సో కేసుకు కులంతో, మతంతో సంబంధం లేదు, పిల్ల అయితే చాలు. ఆ సర్టిఫికెట్ విషయం వేరు, దానికి వేరే జవాబుంది. ఫిర్యాదు చేయొద్దని బెదిరించడం మాత్రం మరో నేరం. ఆ మనిషి పేరు కూడా ఫిర్యాదులో రాయించండి.

రిటైర్డ్ పాస్టర్:

నేను నల్గొండ, పాలమూరు పల్లెల్లో సేవ చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. సత్యవాక్యం తమ్ముడికి ముందు జవాబు చెప్తాను.

నాయనా, 1 కొరింథీ 6 చదివావు, దానికి ముందున్న 5వ అధ్యాయం ఎందుకు వదిలేశావు? సంఘంలో వ్యభిచారం జరుగుతుంటే దుఃఖపడకుండా ఉప్పొంగుతున్నారా అని పౌలు అడిగింది అక్కడే. ఆ దుర్మార్గుణ్ణి మీలో నుంచి వెలివేయమని ఆ అధ్యాయం ముగుస్తుంది. 6వ అధ్యాయంలో చెప్పింది అన్నదమ్ముల మధ్య ఆస్తి, డబ్బు లాంటి వ్యాజ్యాల గురించి. అక్కడ కూడా నష్టపోయినా ఓర్చుకోండి అన్నది పెద్దవాళ్లకు, పిల్లలను బలిపెట్టమని కాదు. కీడు చేసేవాణ్ణి శిక్షించడానికే అధికారులు ఉన్నారని రోమా 13లో రాసిందీ పౌలే. అన్యాయం జరుగుతున్నప్పుడు కైసరు (రోమా చక్రవర్తి) ఎదుట చెప్పుకుంటానన్నదీ ఆయనే.

105వ కీర్తన సంగతి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు ఇల్లూ వాకిలీ లేకుండా పరదేశుల్లా తిరుగుతున్నప్పుడు, బలవంతులైన రాజులు వాళ్ల జోలికి రాకుండా దేవుడు గద్దించిన సందర్భం అది. బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడిన మాటను తీసుకుని, బలవంతుడికే కవచంగా తొడుగుతున్నాం. ఇక్కడ దిక్కులేక పరదేశిలా ఉన్నది ఎవరు, పాస్టరా, ఆ పిల్లా?

దావీదును దేవుడు క్షమించాడు, నిజమే. కానీ నాతాను ప్రవక్త ఆయన ఎదుటికే పోయి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా సరే, ఖడ్గం ఆ ఇంటిని విడిచిపోలేదు. మన పెద్దలు నాతానును బయట నిలబెట్టి దావీదు వల్ల నష్టపోయిన బత్షెబను పిలిచి "నువ్వు క్షమించు" అంటున్నారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది యాజకుడైన ఏలీ కథ. ఆయన కొడుకులు యాజకులు. గుడారం దగ్గర సేవ చేసే స్త్రీలతో పాపం చేశారని ఆయనకు తెలుసు. మందలించాడు కూడా, "నా కుమారులారా, ఇది మంచిది కాదు" అని. అంతటితో ఆపేశాడు. ఎరిగి ఉండి అడ్డుకోలేదు కాబట్టే ఆ ఇంటికి శిక్ష అని దేవుడు చిన్న సమూయేలుతో చెప్పించాడు. ఆ మాట కమిటీలో కూర్చున్న ప్రతి పెద్దమనిషీ చదవాలి.

టీచరమ్మా, హాస్టల్ ఉన్న చోట ఒక ఆడపిల్లను కూడా పాస్టర్ ఒంటరిగా ఇంటికి పిలవకూడదు. పాస్టరమ్మ ఊళ్లో లేకపోతే నేను వరండాలోనే కూర్చుని మాట్లాడి పంపేవాణ్ణి. కాళ్లు పట్టించుకునే ఆచారం మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు, కడిగించుకోలేదు.

మీ అత్తగారితో ఈ మాట చెప్పండి. సమాధుల తోట ఏ పాస్టర్ సొంతమూ కాదు, మిషన్ కాలం నుంచి సంఘం కోసం ఉన్న స్థలం. మీ మామగారి పక్కన ఆమెకు చోటు ఆపే హక్కు ఎవరికీ లేదు. ఎవరైనా ఆపితే నాకు కబురు చేయండి. ప్రార్థన నేను వచ్చి చేస్తాను.

పాలమూరు ఆర్‌సీఎం:

మాది మహబూబ్‌నగర్, మేం కాథలిక్కులం. "వేరే ఫీల్డ్‌కి ట్రాన్స్‌ఫర్" అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే మా చర్చి ప్రపంచమంతటా పోగొట్టుకున్న పరువు ఆ ఒక్క మాటతోనే పోయింది. అమెరికాలో బోస్టన్‌లో జాన్ గేగన్ అనే ఫాదర్ మీద ఫిర్యాదులు వస్తుంటే, పైవాళ్లు తెలిసి తెలిసి ఒక విచారణ (పారిష్, అంటే ఒక ఫాదర్ కింద ఉండే సంఘం) నుంచి ఇంకో విచారణకు మార్చుతూ పోయారు. వెళ్లిన ప్రతిచోటా పిల్లలే. 130 మందికి పైగా బయటికి వచ్చి చెప్పారు. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆ ట్రాన్స్‌ఫర్ల కథ మొత్తం రాసింది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి ఆర్చ్‌బిషప్ కార్డినల్ లా రాజీనామా చేశారు. చేశాక ఏమైంది? రోమ్‌లో ఒక పెద్ద బాసిలికా బాధ్యత ఇచ్చారు. కాథలిక్‌గా ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

2018లో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ ఆరు మేత్రాసనాల (బిషప్‌ల కింద ఉండే ప్రాంతాల) కాగితాలు తీసి చూస్తే 300 మందికి పైగా ఫాదర్లు, 1,000కి పైగా పిల్లలు తేలారు. అదే ఏడాది మన దేశంలోనే కేరళలో ఒక సిస్టర్ బిషప్ ఫ్రాంకో మీద కేసు పెట్టింది. తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు మీద కూర్చుంటే గానీ అరెస్టు జరగలేదు. 2022లో కోర్టు ఆయనను నిర్దోషి అన్నది, ఆ తీర్పును నేను మార్చలేను. కానీ ఒక సిస్టర్ నోరు విప్పితే సొంత మఠంలోనే ఎట్లా ఒంటరిదవుతుందో దేశమంతా చూసింది. ఇన్ని అయ్యాక 2019లో పోప్ ఫ్రాన్సిస్ కొత్త నియమం తెచ్చారు. ఫాదర్ గానీ సిస్టర్ గానీ ఇలాంటిది తెలిస్తే పైకి చెప్పి తీరాలి. ఈ కేసులకు ఉన్న రహస్యపు ముద్రను అదే ఏడాది డిసెంబరులో తీసేశారు.

ఇది ఆర్‌సీఎం వాళ్ల గోల అనుకోవద్దు. అమెరికాలో సదరన్ బాప్టిస్టు నాయకులు ఆరోపణలు వచ్చిన పాస్టర్ల, చర్చి పనివాళ్ల పేర్లు రహస్యంగా లిస్టు రాసి పెట్టుకుని, బాధితులను మాత్రం ఏళ్ల తరబడి తరిమేశారని 2022లో బయటపడింది. ఆ లిస్టులో 700కి పైగా పేర్లు. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వెల్బీ 2024లో రాజీనామా చేసింది కూడా, ఒక మనిషి అబ్బాయిల మీద చేసిన దారుణం తెలిశాక చేయాల్సినంత చేయలేదనే. మన తెలుగు యువత ఎంతో ఇష్టంగా విన్న ప్రసంగీకుడు రవి జకరయాస్ సంగతి తెలుసు కదా. ఆయన బతికి ఉండగా ఒక స్త్రీ చెప్తే ఆమెదే తప్పన్నారు. ఆయన చనిపోయాక 2021లో సొంత సంస్థ వేయించిన విచారణలోనే చాలామంది స్త్రీల మాట నిజమని తేలింది.

మీ బావగారు "బయటోళ్ల చేతికి కట్టె" అన్నారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను, మా విచారణలో కూడా ఆ టెన్షన్ ఉంది. కానీ పైన రాసిన ఏ చోటా సంఘం పరువు తీసింది బాధితులు కాదు. దాచిపెట్టిన కాగితాలు బయటపడ్డప్పుడు పోయింది.

సత్యవాక్యం:

నేను తప్పును సమర్థించడం లేదు. కానీ ఒకవేళ అబద్ధపు ఆరోపణ అయితే? పెద్ద మీద నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని 1 తిమోతి 5లో ఉంది. ఆయనకూ భార్య, పిల్లలు ఉన్నారు.

సండేస్కూల్ అక్క:

అన్నా, ఆ మాట పక్కనే, పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమని కూడా ఉంది. అది ఎవరూ చదవలేదు. సాక్షులు అంటున్నారు. తలుపేసుకున్న గదిలో సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు? అయినా ఆయన సొంత నంబర్ నుంచి వచ్చిన మెసేజ్‌లు ఉన్నాయి. వాటిని చూడనన్నది మేం కాదు, పెద్దలు. ఆయన నిర్దోషి అయితే పోలీసులు ఫోన్ పరీక్ష చేస్తే ఆయనకే మంచిది. ఆయన భార్యాపిల్లల గురించి నాకూ బాధ ఉంది. ఆ బాధ తెచ్చింది పదో తరగతి పిల్ల కాదు.

నేను సంఘం వదిలి పోవడం లేదు. చాలామంది ఇలాంటివి చూసి ఇంకో చర్చికి మారిపోతారు, కొందరు దేవుణ్ణే వదిలేస్తారు, వాళ్లను నేను తప్పుపట్టను. నేను మాత్రం వచ్చే ఆదివారం కూడా సండేస్కూల్ చెప్తాను. పిల్లలకు నేర్పాల్సినవి కొన్ని ఉన్నాయి. దైవసేవకుడైనా సరే, చెయ్యి వేస్తే "వద్దు" అని గట్టిగా అరవొచ్చని, దేవుడు అమ్మను తీసుకుపోడని.

వకీలమ్మా, మీ పోస్ట్ మా ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వాళ్ల అన్న ఇంటికి పోయి మినిట్స్ పేజీ ఫోటో తీసుకొచ్చారు. బావగారు ఇవ్వనని అనలేదట, పుస్తకం బల్ల మీద పెట్టి లోపలి గదిలోకి పోయారట. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, అడగను కూడా.

అయ్యగారూ, మీరు రాసింది అత్తమ్మకు చదివాను. "ఆ సార్ నంబర్ రాసి పెట్టు" అన్నది. మీరు అనుమతిస్తే ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి.

తల్లితో కూడా మాట్లాడాను. స్టేషన్‌కి పిల్ల రానక్కర్లేదని, ఆడ ఎస్‌ఐ ఇంటికే వస్తుందని చెప్తే "గట్లయితే పోదాం టీచరమ్మా" అన్నది. రేపు పొద్దున్నే ఆమె, నేను, మా ఆయన నల్గొండ వెళ్తున్నాం, నేరుగా భరోసా సెంటర్‌కి. ఆమె కూలి పోతుందని చూడకుండా వస్తోంది, ఇప్పుడు పత్తి ఏరే రోజులు.

ఇంకొక్క విషయంలో సహాయం కావాలి. హాస్టల్లో ఇంకా చాలామంది ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎవరెవరిని క్వార్టర్‌కి పిలిచారో నాకు తెలియదు, లాయర్ గారు చెప్పినట్టు నేను అడగను. కేసు అయితే హాస్టల్ ఒక్కసారిగా మూసేసి పిల్లలను ఇళ్లకు పంపేస్తారేమో, పదో తరగతి వాళ్ల పరీక్షలు పోతాయేమో, కొందరికి ఇంట్లో పెళ్లే చేసేస్తారేమో అని నా భయం. బాలల సంక్షేమ సమితితో పనిచేసినవాళ్లు, కస్తూర్బా స్కూళ్లలో టీచర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, చదువు మధ్యలో ఆగకుండా ఈ పిల్లలను ఎక్కడికి మార్చవచ్చో, మేం ముందు ఎవరికి అర్జీ ఇవ్వాలో చెప్పండి. ఈ రాత్రి మేలుకునే ఉంటాను.